బావగారి బాణం, పొరుగాయన బాణం

ఉదయగిరి కొండల కింది పల్లెకు చెందిన ఒక పాఠకుడు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 34, నెల్లూరులో వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆరేళ్లుగా కాంపౌండ్ విల్లుతో, అంటే కప్పీలు బిగించిన విల్లుతో, 50 మీటర్ల గురి సాధన చేస్తున్నారు, ఒకసారి రాష్ట్రస్థాయి పోటీల దాకా వెళ్లారు. తొలి విల్లు కొనిచ్చింది, శిక్షణకు డబ్బు కట్టింది టెక్సస్‌లో ఉంటున్న బావగారు. వచ్చే నవంబరులో అమ్మను తీసుకుని అక్క వాళ్లింటికి వెళుతున్నారు. అక్కడ తెలిసినవారి పొలంలో బావగారు అడవిపందుల వేటకు ఏర్పాటు చేశారు. ఇబ్బంది అక్కడే మొదలైంది. బాణం బరువు 350 గ్రెయిన్లు దాటకూడదని, వేగమే ప్రాణమని బావగారి పట్టు. ఆయన పొరుగున ఉండే అమెరికన్ పెద్దాయన నలభై ఏళ్లుగా వేటాడుతున్నవాడు. 550 గ్రెయిన్లకు తగ్గిన బాణంతో పంది జోలికి పోనే వద్దంటున్నాడు. మూడు వారాలుగా వీడియో కాల్‌లో ఇద్దరూ ఈయన్ని మధ్యలో కూర్చోబెట్టి వాదించుకుంటున్నారు. పొరుగాయన మాటే సరి అనిపిస్తోంది గాని, ఆ మాట అంటే బావగారు చిన్నబుచ్చుకుంటారేమోనని భయం.

ఇంతలో ఊళ్లో ఇంకో చిక్కు. రెండు రాత్రుల్లో పందులు ఎకరంన్నర వేరుశనగ పెళ్లగించేశాయి. "అమెరికా పోయి పందిని కొడతావట, మన చేలో పందికి నీ బాణం పనికిరాదా?" అని నాన్నగారు నలుగురిలో అడిగారు. ఈయన తల వంచుకుని వచ్చేశారు.

ఉత్తరం చివర, సంతకం కింద, వేరే సిరాతో నాలుగు వాక్యాలు ఉన్నాయి. పన్నెండేళ్ల వయసులో వంక గట్టున నాటుబాంబు కొరికిన పందిని చూశారట. దవడ లేదు. రెండు రోజులు బతికే ఉంది. "అలాంటిది నా చేతి మీదుగా జరగని బాణం ఏదో చెప్పండి" అని ముగించారు.

సమాధానం:

మీరు అడిగింది బాణం బరువు గురించి కాబట్టి ముందు అదే చెబుతాను. ఆ చివరి నాలుగు వాక్యాలను మరిచిపోలేదు. అవి లేకపోతే మీకు నాలుగు ముక్కల్లో జవాబు రాసి పంపేవాణ్ణి. ఇంకో సంగతి కూడా చెప్పాలి: నేను వేటగాణ్ణి కాను. విల్లులు సరిచేయడం, బాణాలు కట్టడం నా పని. వేటకు వెళ్లేవారికీ కట్టాను, పోటీలకు వెళ్లేవారికీ కట్టాను.

గ్రెయిన్ అంటే 0.065 గ్రాము. మన కంసాలుల గురిగింజ ఎత్తులో సుమారు సగం. బావగారి 350 గ్రెయిన్లంటే దాదాపు 23 గ్రాములు, పొరుగాయన 550 అంటే 36 గ్రాములు. ఇద్దరు పెద్దమనుషులు మూడు వారాలు పోట్లాడుకున్నది 13 గ్రాముల కోసం, ఒక చిన్న నిమ్మకాయంత బరువు కూడా లేని తేడా కోసం. అయినా ఆ పోట్లాటలో అర్థం ఉంది.

మీ నాన్నగారి తరానికి ఈ లెక్క కాగితం లేకుండానే తెలుసు. సజ్జ చేలో మంచె ఎక్కి వడిసెల తిప్పినవారెవరూ చేతికందిన రాయినల్లా పెట్టరు. మరీ చిన్న గులకరాయి రివ్వున పోతుంది, కానీ చేతి ఊపు దానికి పూర్తిగా అందదు, మిగిలిన ఊపంతా భుజానికే తగులుతుంది. మరీ పెద్ద రాయి చేను దాటదు. విల్లు కూడా అంతే. అల్లెతాడు లాగి మీరు దాచిన శక్తిలో తేలిక బాణం కొంత వదిలేసి పోతుంది. ఆ వదిలేసినదే విల్లులో అదురుగా, టప్పుమనే చప్పుడుగా మిగులుతుంది. బరువు బాణం ఎక్కువ భాగాన్ని తనతో తీసుకుపోతుంది. అందుకే బరువు పెరిగేకొద్దీ విల్లు మెత్తగా, నిశ్శబ్దంగా పలుకుతుంది.

ఇప్పుడు మీ కొలతలతో చూద్దాం. మీ లాగుడు పొడవు, అంటే మీరు తాడు లాగే దూరం, 27.5 అంగుళాలు, అక్కడ పట్టబోయే విల్లు లాగడానికి పట్టే బలం 60 పౌండ్లు అని రాశారు. ఆ విల్లు మీద వేగం సెకనుకు 335 అడుగులని ముద్రించి ఉందని, దాన్ని పట్టుకునే బావగారు లెక్కలు కడుతున్నారని కూడా రాశారు. ఆ అంకె అబద్ధం కాదు. కానీ అది 70 పౌండ్ల బలంతో, 30 అంగుళాల లాగుడుతో, 350 గ్రెయిన్ల బాణంతో కొలిచినది. లాగుడు ఒక అంగుళం తగ్గితే సుమారు పది అడుగుల వేగం పోతుంది. పది పౌండ్లు తగ్గితే దాదాపు ఇంకో ఇరవై. తాడు మీద ఉండే చిన్నచిన్న తగిలింపులు మరికొంత తినేస్తాయి. అన్నీ పోను అదే 350 గ్రెయిన్ల బాణం మీ చేతిలో 280 అడుగుల దగ్గర ఆగుతుంది, అంటే సెకనుకు 85 మీటర్లు. అదే విల్లు నుంచి 500 గ్రెయిన్ల బాణం 238 అడుగుల వేగంతో, అంటే 72.5 మీటర్లతో వెళుతుంది.

శక్తి లెక్క వేస్తే మొదటిది 83 జౌల్స్, రెండోది 85. దాదాపు సమానం. బావగారు ఈ లెక్కే చూపించి "మరి బరువెందుకు?" అని అడుగుతుంటారు, అవునా? జవాబు ద్రవ్యవేగంలో ఉంది. బరువును వేగంతో ఒక్కసారే గుణిస్తే వచ్చే అంకె అది. అందులో 500 గ్రెయిన్ల బాణం ఐదో వంతు పైన ఉంటుంది. అడ్డు తగిలినప్పుడు బాణం ఎంత మొండిగా ముందుకు నడుస్తుందో చెప్పడానికి ఈ అంకె మేలు. మీరు ఆరేళ్లుగా కొడుతున్నది కాగితాన్ని. కాగితానికి ఎముక ఉండదు. ముదిరిన మగపందికి భుజం మీద గట్టి పొర ఒకటి ఉంటుంది, మందపాటి చర్మం, దాని కింది గట్టి కండర నార కలిసి డాలులాగా. దాని గుండె, ఊపిరితిత్తులు మనం అనుకున్నదానికంటే ముందుకు, కిందికి, సరిగ్గా ఆ డాలు చాటున ఉంటాయి. పొరుగాయన భయం అదే.

మరి బావగారు తప్పా? కాదు. ఆయన ఎక్కువగా ఆడేది ఫోమ్ జంతు బొమ్మల పోటీలని మీరే రాశారు. ఆ పోటీల్లో చాలావాటికి దూరం చెప్పరు, కంటితో అంచనా వేయాలి. వేగమైన బాణం తక్కువ వంపుతో పోతుంది కాబట్టి అంచనా తప్పినా కొంత కాస్తుంది. ఎంత కాస్తుందో చూడండి. 30 మీటర్లనుకుని వేశారు, నిజానికి 35 ఉంది. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే తేలిక బాణం అనుకున్న చోటికి 12 సెంటీమీటర్ల కింద తగులుతుంది, బరువుది 16 సెంటీమీటర్ల కింద. తేడా నాలుగు సెంటీమీటర్లు. పోటీలో ఆ నాలుగు సెంటీమీటర్లు మార్కులు. వేట పొలంలో మాత్రం చేతిలో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ ఉంటుంది, కంటి అంచనా పనే లేదు. పైగా 12 సెంటీమీటర్ల తప్పు కూడా పందికి తక్కువ తప్పేమీ కాదు. వేగం ఆ తప్పును మాఫీ చేయలేదు.

"పంది చప్పుడు విని కదిలేలోపు బాణం చేరాలి" అన్నది ఆయన రెండో వాదన. ధ్వని 30 మీటర్లను సెకనులో పదకొండో వంతులో దాటేస్తుంది. తేలిక బాణానికి 0.35 సెకను, బరువు దానికి 0.41 పడుతుంది. రెండింటికంటే చప్పుడే ముందు చేరుతుంది. కాబట్టి 0.06 సెకను సంపాదించడం కంటే విల్లు చప్పుడు తగ్గించడమే ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం. ఇంకా మంచిది దగ్గరికి వెళ్లడం. నల్లమల చెంచుల వెదురు విల్లుకు ఈ యంత్రాల వేగం ఉండదు, దగ్గరికి పోవడమే దాని విద్య.

నా మొగ్గు ఎటో ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. కారణం కూడా చెప్పాలి. దూరం మీ చేతిలో ఉంది. 20 మీటర్లు దాటితే వేయనని అనుకుంటే ఎవరూ బలవంతం చేయలేరు. బాణం పోయి ఏ ఎముకకు తగులుతుందో మాత్రం వదిలాక మీ చేతిలో ఉండదు. వేగం మీ చేతిలో ఉన్నదానికి సాయం చేస్తుంది, బరువు చేతిలో లేనిదానికి. మీలాంటి కొత్తవారికి రెండో సాయమే అవసరం.

అయినా మీ ముందున్న దారులన్నీ చెబుతాను. బావగారి 350తోనే వెళితే గురి చూసే సైటు అమరిక, అలవాటైన వంపు అలాగే ఉంటాయి, మనసు స్థిమితంగా ఉంటుంది; కానీ పంది పూర్తిగా పక్కకు నిలబడినప్పుడు, భుజం వెనక మాత్రమే వేయాలి, వేలెడు పక్కకు పోతే బాణం ఆగిపోవచ్చు. బ్లేడు ములికి ఎక్కిస్తే ఇంకో తలనొప్పి. ఆ బ్లేడ్లు గాలిలో చిన్న రెక్కల్లా పనిచేస్తాయి, వేగం పెరిగేకొద్దీ మీ వదలడంలోని ప్రతి చిన్న లోపాన్నీ పెద్దది చేసి చూపిస్తాయి. పొరుగాయన 550 తీసుకుంటే మీ 60 పౌండ్ల విల్లుకు అది కొంచెం ఎక్కువ మోత. ఆయన భుజాలకు, ఆయన విల్లుకు సరిపోయింది ఆయన చెబుతున్నాడు. 25 మీటర్లలోపు బాగానే నడుస్తుంది గాని సైటు పిన్నుల మధ్య ఎడం పెరుగుతుంది, మళ్లీ మొదటినుంచి కళ్లకు అలవాటు చేయాలి. ఈ రెండింటి మధ్య 450 నుంచి 500 దాకా ఒక మంచి చోటు ఉంది. కొత్తగా కట్టే బాణమైతే నేను అక్కడ కడతాను, ఆ బరువులో వీలైనంత ముందు భాగంలో, ములికి దగ్గర ఉండేలా.

ఇక్కడ ఒక జాగ్రత్త. బరువు పెంచాలని ఉన్న బాణం కాడకే 100 గ్రెయిన్ల ములికి తీసేసి 200ది బిగించకండి. నేను ఆ పని చేసి ఒక వేసవంతా పోగొట్టుకున్నాను. ముందు బరువు పెరిగితే వదిలిన క్షణంలో కాడ మరింత వంగుతుంది, తోక ఊపుకుంటూ పోతుంది. గోడ మీది బాణాలు అడ్డదిడ్డంగా దిగుతుంటే నా చేతినే తిట్టుకున్నాను, మణికట్టుకు నూనె రాసుకున్నాను, కాడను మాత్రం అనుమానించలేదు. కాడల మీద 400, 340, 300 అని స్పైన్ అంకెలు, అంటే కాడ ఎంత వంగుతుందో చెప్పే అంకెలు, ఉంటాయి. అంకె తగ్గేకొద్దీ కాడ గట్టిది. ముందు బరువు పెంచితే గట్టి కాడకు మారాల్సిందే. మరీ తేలిక వైపు పోవడానికీ హద్దు ఉంది. పౌండుకు ఐదు గ్రెయిన్లకు తగ్గకూడదు, మీకు 300. అంతకు తగ్గితే ఉత్త తాడు వదిలినట్టే, విల్లే పగలవచ్చు.

బావగారి సంగతి. ఆయన పెట్టిన ఖర్చు, చూపిన ప్రేమ మీ మెడ మీద బరువుగా ఉన్నాయి, అందుకే 13 గ్రాముల విషయం కుటుంబ విషయమైంది. పొరుగాయన పేరెత్తకుండానే నిజం చెప్పే వీలు మీకు ఉంది. బావగారు ఆరడుగుల మనిషి, లాగుడు 30 అంగుళాలని రాశారు. "బావా, మీ బాణం మీ చేతులకు సరిగ్గా కుదిరింది. నా చేతులు రెండున్నర అంగుళాలు పొట్టి, ఆ వేగం నాకు రాదు. నా కొలతకు తగ్గట్టు కట్టిద్దాం, మీరే దగ్గరుండి కట్టించండి" అని అడగండి. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. దుకాణానికి ఎలాగూ వెళ్లాలి, ఆ విల్లు లాగుడు పొడవును మీకు తగ్గించకుండా పట్టుకోకూడదు. అక్కడ వేగం కొలిచే యంత్రం ఉంటుంది. 350ని, 500ని రెండింటినీ వేసి చూపించండి. లెక్కలంటే ఇష్టపడే మనిషి యంత్రం మీది అంకెను చూసి చిన్నబుచ్చుకోడు. చిన్నబుచ్చుకుంటే అక్క ఉంది కదా.

చట్టం గురించి రెండు మాటలు. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందిని వేటాడటానికి 2019 నుంచి లైసెన్సు అక్కర్లేదు, బయటివారికి కూడా. అక్కడ అది పంటలు నాశనం చేసే, బయటినుంచి వచ్చిన జంతువు. కానీ బాణం గురి తప్పిందని బావగారు తుపాకి చేతికిస్తే ముట్టకండి. సందర్శక వీసా మీద ఉన్నవారు తుపాకి పట్టడంపై ఆ దేశపు చట్టంలో నిషేధం ఉంది, కొన్ని మినహాయింపులు ఉన్నా సరే. సరదా కోసం ఆ చిక్కులో దిగవద్దు.

ఇక ఆ నాలుగు వాక్యాలు. అలాంటిది జరగని బాణం లేదు. 350లో లేదు, 550లో లేదు. పొరుగాయనను సూటిగా అడగండి, నలభై ఏళ్లలో దెబ్బతిని దొరకకుండా పోయినవి ఎన్ని అని. నిజాయితీపరుడైతే తల దించుకుని ఒక అంకె చెబుతాడు. బాణం దెబ్బ తూటా దెబ్బ వంటిది కాదు. రక్తం పోవడం వల్లే జంతువు పడుతుంది. రెండు ఊపిరితిత్తుల్లోంచి పదునైన బ్లేడు దాటితే క్షణాల్లో, లేకపోతే గంటల్లో. అందుకే వేసిన వెంటనే వెంటపడకుండా అరగంటైనా ఆగమంటారు. ఆ అరగంట మీరు కూర్చోగలరా? బరువు గురించి ఇంత రాశాక అడుగుతున్నాను, ఎందుకంటే మీరు బాణాన్ని ఎంచుకుంటున్నామనుకుంటూ ఆ వంక గట్టు మీదే నిలబడి ఉన్నారని నాకు అనిపిస్తోంది.

వేయాలనే నిర్ణయించుకుంటే ఒక పరీక్ష పెట్టుకోండి. రోజూ ఉదయం, చేతులు వేడెక్కకముందు, ఒకే ఒక్క బాణం. అన్నం తినే పళ్లెమంత గురి. ఇరవై రోజుల్లో ఒక్కటి కూడా బయటికి పోని దూరం ఎంతో, మీ హద్దు అదే. 50 మీటర్ల మైదానంలో పదులు కొట్టే మనిషికి అది 18 మీటర్లని తేలినా సిగ్గుపడకండి. ఆ హద్దులో, పంది పక్కకో, కాస్త అవతలికో తిరిగి ఉన్నప్పుడు మాత్రమే వేయాలి. ఎదురుగా నిలబడితే వేయకూడదు. గుంపులో ఒకదాని వెనక ఒకటి ఉంటే వేయకూడదు. చీకటి పడుతుంటే వేయకూడదు. ఇన్ని "కూడదు"ల మధ్య మూడు రోజులు ఒక్క బాణమూ వదలకుండా తిరిగొచ్చే అవకాశమే ఎక్కువ.

వద్దనుకుంటే, బావగారి పక్కన కూర్చుని ఆయన గురిని చూసి రావచ్చు. లేదా ఆయన ఆడే ఫోమ్ బొమ్మల పోటీకే ఇద్దరూ కలిసి వెళ్లవచ్చు, అక్కడ ఆయన 350 గ్రెయిన్లతో మీరు ఓడిపోయినా ఆయనకు పండగే. వేట వద్దంటే పిరికివాడంటారని మీరు ఎక్కడా రాయలేదు గాని, పేజీల మధ్య ఆ మాట నాకు వినిపించింది. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ ఇదే కాంపౌండ్ విల్లుతో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది, ఒక్క జంతువునూ ముట్టని బాణాలతో. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ మొదటిసారి రాబోతోంది. మీ బడి పిల్లలకు చెప్పడానికి మీ దగ్గర వేట కథ లేకపోయినా చాలానే ఉంది.

నాన్నగారి విషయంలో మాత్రం మీకు ఎంపిక లేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవిపందిని కొట్టడం నేరం. కొట్టబోవడం కూడా వేట కిందికే వస్తుంది. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పంట నాశనం చేస్తున్న జంతువును చంపేందుకు 11వ సెక్షన్ కింద అనుమతి ఇచ్చే అధికారం ప్రధాన వన్యప్రాణి సంరక్షణ అధికారికి, ఆయన అధికారం ఇచ్చినవారికి ఉంది. మీ విల్లుకు లేదు. ప్రభుత్వ ఉద్యోగమైనా, ప్రైవేటు బడి అయినా వ్యాయామ ఉపాధ్యాయుడి మీద ఈ కేసు పడితే పిల్లల ముందు మళ్లీ నిలబడటం కష్టం. ఇదంతా నాన్నగారికి నలుగురిలో చెప్పకండి, ఆయన అడిగింది నలుగురిలోనే అయినా. రాత్రి అన్నం దగ్గర చెప్పండి.

ఉత్త చట్టం చెబితే ఆయన కడుపుమంట తగ్గదు. అటవీ శాఖ రేంజి కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నష్టపరిహారం సంగతి కూడా అక్కడే అడిగి అర్జీ పెట్టండి. పక్క చేల వాళ్లవీ కలిపి ఇస్తే బరువుంటుంది. వచ్చే పంటకు చేను చుట్టూ నాలుగు వరుసలు ఆముదమో, ముళ్లున్న కుసుమో వేసి చూడమనండి. పంది ముక్కుతో బతికే జంతువు, వాసన, ముల్లు రెండూ దానికి గిట్టవు. చేతిలో డబ్బు ఆడితే సోలార్ కంచె. మెయిన్ లైను నుంచి తీగ లాగుదామని ఎవరైనా అంటే అక్కడికక్కడే ఆపండి. దానికి పంది ఎవరో, తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషి ఎవరో తెలియదు.

ఈ జవాబు చదివే సరికి ఎన్నాళ్లవుతుందో తెలియదు గాని, నాన్నగారు పొలం చదును చేయకముందే ఆ పెళ్లగించిన సాళ్లు, గిట్టల గుర్తులు ఫోటోలు తీసి ఉంచండి. పక్కన ఒక కర్రో చెప్పో పెట్టి తీయండి, కొలత తెలుస్తుంది. అర్జీతో పాటు అవే ఇవ్వాలి.